రన్నింగు రాజ్యలక్ష్మి

ఏలూరులో ఓ అపార్టుమెంటు, నాలుగో అంతస్తు. కలిదిండిలో చేపల చెరువులు కౌలుకిచ్చి వచ్చేసిన భీమశంకరం గారు ఆరేళ్ళుగా పోటీ లేకుండా ఈ అపార్టుమెంటుకి ప్రెసిడెంటు. ఫోను కళ్ళకి దూరంగా పట్టుకుని, కోడలు సింధూరని కదలనివ్వడం లేదు.

"కాదండీ మామయ్యగారూ, మోటారు ఎక్కడికీ పరుగెత్తదు."

"మరి ఈ హేమంత్‌కుమార్ ఏం పెట్టాడు మన అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో? 'మోటార్ ఈజ్ నాట్ రన్నింగ్'. దిమ్మకి నాలుగు బోల్టులేసి బిగించిందమ్మా అది. ఎలా పరుగెడుతుంది?"

"ఆడటం లేదని అండీ."

"అలా ఏడవొచ్చుగా! సరే, ఇది? రెండువందల మూడులో ట్యాపు రన్నింగంట."

"కట్టెయ్యకుండా వదిలేశారు. నీళ్ళు పోతున్నాయని."

"మోటారైతే ఆడటం, ట్యాపైతే కారడం. డీజిలో? 'రన్నింగ్ అవుట్ ఆఫ్ డీజిల్' అన్నాడు. జనరేటరు దగ్గర్నించి అందరూ బయటికి పరిగెత్తారా?"

"డీజిలు అయిపోవస్తోందండీ."

"అయిపోతే ఆగాలిగానీ పరుగేంటమ్మా? మా పదో తరగతి మేస్టారు రన్ అంటే పరుగు అన్నారు. ఒకటే ముక్క. ఆయనేం తక్కువ చదువుకోలేదు."

"ఇంకా చాలా ఉన్నాయండీ. సినిమా రన్ అయిందంటే ఆడినట్టు. హోటలు రన్ చేస్తున్నారంటే నడుపుతున్నట్టు..."

"నడపడం కూడానా! పరుగంటే నడకా?"

"అవునండీ. అలాగే బస్సు లేటుగా రన్నవుతోందంటే..."

"ఆగమ్మా, ఆగు. బస్సుల సంగతి తర్వాత. అసలు నిన్ను పిలిచింది దీనికి. ఈ చివరిది చదువు."

"ఏదండీ?"

"ఇదే. 'రాజ్యలక్ష్మి గారు ఈజ్ రన్నింగ్.' కింద పదకొండు మంది చప్పట్లు కొట్టారు."

"పొయ్యి మీద పాలు పెట్టానండీ."

"పాలు రన్నవుతాయిలే. మీ అత్తయ్యకి చూస్తే మోకాళ్ళ నొప్పులు. మంచం మీంచి లేవాలంటే నా భుజం కావాలి. పరుగేంటి? పోనీ, కారుతోందా? అయిపోతోందా?"

"అయ్యో, ఏం మాటలండీ అవి!"

"మరేంటో చెప్పు."

"నిలబడ్డారండీ."

"ఎవరు?"

"అత్తయ్యగారు."

"రన్ అంటే... నిలబడటమా?"

"ఎన్నికల్లో అయితే అంతేనండీ."

"పరిగెత్తడమంటే నిలబడటమా! ఇదేం భాషమ్మా! ఇంతకీ ఏ ఎన్నికల్లో?"

"మన... మన అపార్టుమెంటు ప్రెసిడెంటుకండీ."

"నా మీదా!"

"ఏవండీ, ఏంటా కేకలు? కింద జ్ఞానప్రసూనాంబ గారింటిదాకా వినపడుతున్నాయి."

"రా, రా రాజ్యం! నువ్వు నా మీద నిలబడ్డావా?"

"మీ మీద కాదండీ. ప్రెసిడెంటు గారి మీద."

"ఆ ప్రెసిడెంటు నేనేగా!"

"ఇంట్లో మీరు మా ఆయనండీ. మీ మీద నాకే కంప్లయింటూ లేదు. ఆ ప్రెసిడెంటు గారున్నారే, ఎనిమిది నెలల్నించి లిఫ్టు బాగుచేయించలేదు. అడిగితే మెట్లెక్కడం ఆరోగ్యం అన్నారు. వినాయక చవితి తర్వాత నేను గేటు దాటలేదండీ. దిగితే ఎక్కలేను."

"మరి నాతో చెప్పొచ్చుగా!"

"ఎనిమిది నెలల్నించీ చెప్పాను. మజ్జిగ తాగుతారా?"

"మజ్జిగొద్దు, ఏమొద్దు. ఓట్లలో తేల్చుకుందాం. నా నామినేషన్ ఇప్పుడే వేసొస్తా. సింధూరా, నా చెప్పులేవమ్మా?"

"ఐదింటితో గడువు అయిపోతుందటండీ."

"ఐదుకేం, బోలెడంత టైముంది. నిన్ను పిలిచినప్పుడు నాలుగూ పది."

"సింధూరా, ఇప్పుడు టైమెంతమ్మా?"

"ఐదూ ఐదు అత్తయ్యగారూ."

"అయితే ఇక ఇంగ్లీషు పాఠం ఆపెయ్యమ్మా, పాపం గంటసేపు భలే సాగదీశావు."