చిక్కిపోయిన మూతలు

మదీనాగూడలో కొత్త కాపురం. మూసాపేట ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ ఇంజనీరు అవినాష్ అప్పుడే ఇంటికి వచ్చాడు. అక్కడ తయారైన టిఫిన్ డబ్బా పట్టుకుని భార్య ఉమాశ్రీ ఎదురొచ్చింది.

“ఏదీ, మీరే మూత పెట్టండి చూద్దాం.”

“గట్టిగా నొక్కు ఉమా.”

“నొక్కాను. ఎక్కి కూర్చోవడం ఒక్కటే తక్కువ.”

“నిన్న తెచ్చినప్పుడు టక్కున పట్టిందిగా.”

“పట్టింది. ఆ ముచ్చటకే పులిహోర పెట్టుకుని మురిసిపోయాను. తెల్లారేసరికి మూత చిక్కిపోయింది. పెళ్ళయ్యాక మీరేమో ఒళ్ళు చేశారు.”

“వేడినీళ్ళతో కడిగుంటావు.”

“మీరు హైటెక్ సిటీ క్యాంటీన్‌కి పంపిన మూతలు కూడా నేనే కడిగానా? అన్నీ వెనక్కొచ్చాయటగా.”

“నీకెవరు చెప్పారు?”

“ముందు మీరు చెప్పండి. అచ్చులోంచి తీశాక ఎంతసేపాగి సరిచూశారు?”

“ఆగడమెందుకు? వేడివేడిగా చూసి పంపించేశాం.”

“ఇడ్లీల్లాగా.”

“ఎగతాళి చాల్లే.”

“కెమిస్ట్రీ చదివిన పిల్లని ఏరికోరి చేసుకున్నారుగా, వినండి. కరిగిన ప్లాస్టిక్‌లో కంటికి కనపడని పోగులు చిందరవందరగా ఉంటాయి. అచ్చు గోడకి తగిలినవి ఎలా ఉన్నవి అలాగే బిగుసుకుపోతాయి. లోపలివి నిదానంగా చల్లారితే మడతలు పడి, వరసలు కట్టి, స్ఫటికాలవుతాయి. గబగబా చల్లార్చి లాగేస్తే సగమే సర్దుకుంటాయి.”

“మిగతావి?”

“మనింటికొచ్చి తీరిగ్గా సర్దుకుంటాయి. అవి సర్దుకున్నకొద్దీ మూత కుంచించుకుపోతుంది.”

“అదంతా ఆ ఆపరేటర్ వీరేశం నిర్వాకం. అచ్చులో చల్లారే టైము తగ్గించేశాడు. మా ఓనరు సేట్‌గారికి చెప్పి పొద్దున్నే పనిలోంచి తీయించేశాను కూడా.”

“టైము మార్చాలంటే మెషీన్ తాళం కావాలన్నారుగా. అది వీరేశం దగ్గరుంటుందా?”

“నా దగ్గరే ఉంటుంది.”

“మరి అతనెలా మార్చాడండీ?”

“అంటే... సేట్‌గారు మూతలు తొందరగా కావాలన్నారు. ఎక్కువ తీసి చూపిస్తే మెచ్చుకుంటారని...”

“ఎవర్ని మెచ్చుకుంటారని? వీరేశాన్నా?”

“నన్నేనే తల్లీ. నేనే తగ్గించాను, పాపం అతను ముట్టుకోలేదు కూడా. సరేనా? ఇక వదిలెయ్. కాఫీ ఇవ్వు.”

“ఇస్తాను. ఒక గ్లాసు ముందే బాల్కనీలోకి వెళ్ళింది. వీరేశం గారూ, విన్నారుగా?”

“విన్ననమ్మా. సార్, జర చెప్పులేస్కోండ్రి. సేట్ ఇంక ఫ్యాక్టరీలనే ఉన్నడు.”