అట్టకట్టిన నేల

సోయా చేను గట్టున, కదలబోతున్న ట్రాక్టరుకు అడ్డంగా అక్క వచ్చి నిలబడింది. స్టీరింగు దగ్గర తమ్ముడు.

“తప్పుకో అక్కా.”

“ముందు ఆ ఇంజను ఆపు. గొంతు చించుకుని అరవలేను.”

“ఆపితే నీ ఉపన్యాసం మొదలవుద్ది. తప్పుకో అంటున్నానా!”

“నా మీదుగా పోనీ, చూస్తాను. ఆపుతావా లేదా?”

“ఆపాను. చెప్పు! ఏం చూసి అడ్డం పడుతున్నావ్? సాలుకి నాలుగు మొక్కల్లేవు. బట్టతలకి దువ్వెన పెట్టినట్టుంది మన వ్యవసాయం.”

“సోయా కొమ్మలేస్తుందిరా. పలచగా ఉంటే పక్కలకి పరుచుకుంటుంది. ఇప్పుడు దున్ని మళ్ళీ విత్తితే, పూతకొచ్చేసరికి వానలు వెళ్ళిపోతాయి.”

“పరుచుకోవడానికి అక్కడ మొక్కంటూ ఉండాలిగా!”

“ఉంది.”

“ఎక్కడ? నీ తలకాయలోనా?”

“నోరు అదుపులో పెట్టుకో. విత్తేద్దాం, విత్తేద్దాం అని నా ప్రాణం తీసిందెవరు? మర్నాడే కుండపోత పడి, ఆపైన ఎండ కాసి నేల అట్టకట్టింది. అది విత్తనం తప్పా?”

“నా తప్పే. చిన్నప్పట్నుంచీ అంతేగా. పాలు పొంగినా నేనే, పిల్లి దూకినా నేనే.”

“మాట తప్పించకు. నన్నొక్క మాట అడక్కుండా ట్రాక్టరు ఎందుకు తీశావ్?”

“అడిగితే ఒప్పుకుంటావా?”

“ఒప్పుకోను!”

“మరింకేం? చేనులో నాకూ సగం ఉంది.”

“ఉంది. దిగు. దిగరా! ఇక్కడ కూర్చుని, వేలితో ఈ పెళ్ళ లేపు.”

“ఏముంది, మట్టి.”

“మెల్లిగా... లేపమంటే పొడవమని కాదు. కనబడిందా?”

“ఇదేంటి... మొలకా?”

“మెడ వంచుకుని పైకి తోస్తోంది. పైన మట్టి గట్టిపడిపోయి, దారి లేక ఆగింది. ఇదిగో, ఇదీ. ఇదీ. సాలంతా ఇంతే. ముళ్ళకంప ఈడ్చి పైపొర పగలగొడితే చాలు, వాటంతటవే లేస్తాయి. కాలువ అవతల మన రెండో చేనులో కూడా ఇలాగే ఉండుంటాయి. ఇప్పుడు అరవరా! ఏమైంది ఇందాకటి నోరు?”

“అక్కా...”

“ఏంట్రా ఆ మొహం? బతికే ఉన్నాయంటే సంతోషించక—”

“అవతలి చేనంతా దున్నేసే ఇటొచ్చానక్కా.”