అరువిచ్చిన వేలు

మీ తాత గురించా? మేం మేస్త్రీ అనేవాళ్ళం. మేస్త్రీ గురించి చెప్పాలంటే ముందు మిల్లు గురించి చెప్పాలి తల్లీ, కూర్చో. నూలుమిల్లులో పని మాది. ముప్పై ఏళ్ళు ఇద్దరం ఆ దూదిధూళి పీల్చాం. నన్ను దగ్గుతో వదిలేసింది, ఆయన్ని మాత్రం ఊపిరాడక మెట్టుమెట్టుకీ నిలబెట్టేసేది. గేటు దగ్గర పెట్టెలో వేసే హాజరు బిళ్ళలుండేవి. ఒకడు ఆలస్యమైతే ఇంకొకడు వాడి బిళ్ళ కూడా వేసేసేవాడు. తప్పని ఎవరూ అనుకోలేదు. నా బిళ్ళ మీ తాత ఎన్నిసార్లు వేశాడో... సరే, ఎక్కడున్నాను? ఆ, ఆసుపత్రిలో మీ తాతకి ఊపిరి వ్యాయామాల క్లాసు, తోడుగా నేను వెళ్ళేవాణ్ణి. వారానికి రెండు రోజులు, ఎనిమిది వారాలు. పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా గాలి వదలాలి, కుర్చీలోంచి లేవాలి, కూర్చోవాలి, నడవాలి. అన్నీ దగ్గరుండి చేయించడానికి ఒక అమ్మాయి. "ఊపిరాడట్లేదని వస్తే నడవమంటుందేంట్రా ఈ పిల్ల" అని గొణిగేవాడు. గొణుగుతూనే బాగుపడ్డాడు కూడా. ఆఖరి రోజు ఆరు నిమిషాల నడక పరీక్ష. వేలికి క్లిప్పు పెడతారు, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో అంకె చూపిస్తుంది. ఎనభై ఎనిమిది కంటే దిగితే ఆగిపోవాలి, ఇంటికి ఆక్సిజన్ సిలిండరు పంపిస్తారు. మేస్త్రీకి అదంటే హడలు. "అది గుమ్మం దాటి వచ్చిందంటే మీ వదిన నన్ను పోయినవాళ్ళ కింద జమకట్టేస్తుందిరా" అనేవాడు.

ఆ నడిపించే అమ్మాయి క్లిప్పు తీగ ఉన్న మీటరు నా చేతికిచ్చింది. "పక్కనే నడుస్తూ అంకె గట్టిగా చెప్పండి బాబాయ్‌గారూ, నేను టైము చూస్తాను" అని వరండా చివర నిలబడింది. రెండో చుట్టులో, ఆవిడకి మా వీపులు తిరగగానే, మేస్త్రీ క్లిప్పు ఊడదీసి నా వేలికి తగిలించాడు. గేటు దగ్గర బిళ్ళ అందించినట్టే. "ఎంతండీ?" "తొంభై అయిదు." నా వేలిది అంతే మరి. మూడో నిమిషం, తొంభై అయిదు. మీ తాత పెదాలు చుట్టడం మానేశాడు, మెడ నరాలు తాళ్ళలా లేచాయి. "కూర్చుందాం మేస్త్రీ" అన్నాను. తల అడ్డంగా ఊపాడు. నాలుగో నిమిషం. ఆయన పెదాలు సిరా రంగుకి తిరుగుతున్నాయి, నేనేమో నా అంకె అరుస్తున్నాను. చెప్పేద్దామా? చెబితే సిలిండరు. చెప్పకపోతే... అలా ఆలోచిస్తూ ఇంకో పది అడుగులు వేశానమ్మా. పది అడుగులు. గోడ పట్టుకుని అలాగే జారిపోయాడు.

ఆ అమ్మాయి పరిగెత్తుకొచ్చి క్లిప్పు ఆయన వేలికి పెట్టింది. డెబ్బై ఒకటి. నా వంక చూసింది. "మిషను పాడైందేమో" అన్నాను, సిగ్గు లేకుండా.

బతికాడులే. సిలిండరూ వచ్చింది. చిన్న బండి మీద దాన్ని లాక్కుంటూ మూడేళ్ళు వీధంతా తిరిగాడు, మీ నాయనమ్మ ఏమీ బెదరలేదు. అది కాదు నేను చెప్పేది. ఆ రోజు ముక్కుకి గొట్టం పెట్టాక, కాస్త తేరుకుని, దగ్గరికి రమ్మని నాకు సైగ చేశాడు. "నేనంటే మొండివాణ్ణి. నువ్వెందుకు ఊరుకున్నావురా?" అన్నాడు.

నేనేమన్నానా...

ఆ ఫ్యాను కాస్త తగ్గించు తల్లీ.