కాపర్ డ్రమ్ గారికి ఓడిపోవడం నేర్పినవారు

శిక్షకులు ఎల్స్ గారూ, శ్రీ కాపర్ డ్రమ్ గారికి ఓడిపోవడం నేర్పింది మీరు. నేర్పిన మీరే ఇవాళ ఆయనను పిరికివాడని ముద్ర వేసి కబేళా లారీ ఎక్కించబోతున్నారు. విశ్రాంత గుర్రాల అభినందన సంచికకు నాలుగు మంచి మాటలు రాయమని గుర్రపుశాల కార్మికుల సంఘాన్ని అడిగారు కదా, సంఘం తరఫున నేను రాస్తున్నాను. మాటలు చేదుగా ఉంటే తప్పు నాది కాదు.

2016 మార్చి 14న, రెండేళ్ల ప్రాయంలో, ఆయన మా పోర్ట్ ఎలిజబెత్ గుర్రపుశాలలో విధుల్లో చేరారు. రాగిరంగు మేను, నుదుట తెల్లచుక్క. మేమంతా భుటి అని అన్న వరసలో పిలుచుకున్నాం. ఆయన ఆలనాపాలనా మా గుర్రపుశాల కుర్రాడు జోలిలేకు అప్పగించారు. తొలి ఏడాదిలోనే వరుస విజయాలతో మన రేసు క్లబ్బు కీర్తిని ఇనుమడింపజేసి, పెద్దలందరి ఫోటోలకూ ఓపికగా నిలబడి, ఏ ఒక్కరినీ కరవకుండా ఆయన తన సౌజన్యాన్ని చాటుకున్నారు.

ఈ వృత్తిలో గెలుపుకు దక్కేది బరువు. గెలిచినకొద్దీ అధికారులు జీనులో సీసపు పలకలు పెంచుతారు, ఓడితే దించుతారు. అందుకని రెండేళ్లపాటు, ఆఖరి మలుపు దగ్గర కళ్లెం బిగబట్టమని మీరు జాకీకి చెబుతూ వచ్చారు. "ఇవాళ కాదు బాబూ, పలకలు దిగనీ" అన్నారు. పక్కనే నిలబడి విన్నాను. ఆయన మీ పాఠాన్ని శ్రద్ధగా నేర్చుకున్నారు.

ఎంత శ్రద్ధగా అంటే, ఒక ఉదయం జోలిలే ఆయనను ఊరికే ట్రాక్ వెంట నడిపిస్తుంటే, ఆ మలుపు రాగానే తనంతట తానే ఆగిపోయి చెవులు వెనక్కి తిప్పారు.

"పద భుటీ, ఎవరూ లేరిక్కడ. నేనేగా!"

ఆయన కదల్లేదు.

"చూశావా అక్కా? మన సంఘంలో ఇంత క్రమశిక్షణ ఉన్నోడు ఒక్కడున్నాడా?"

"నీ దగ్గర పెరిగి కూడా ఎలా వచ్చిందో!" అన్నాను.

నవ్వుకున్నాం. నవ్వే విషయం కాదది.

సీసం దిగింది. గత జూలైలో, గెలిచి తీరాలని మీరు నిశ్చయించుకున్న పెద్ద పందెంలో, ఆయన అందరికంటే ముందు ఆఖరి మలుపు చేరి, అక్కడ అలవాటు ప్రకారం వేగం తగ్గించారు. కొరడా దెబ్బలకు తోలు చిట్లింది. చెప్పినట్టే చేసినవాణ్ణి ఎందుకు కొడుతున్నారో ఆయనకేం తెలుస్తుంది? యజమాని ప్రిన్స్‌లూ గారితో మాత్రం "గుండెధైర్యం లేని గుర్రమండీ" అనేసి మీరు చేతులు దులుపుకున్నారు.

జోలిలే మీ గుమ్మంలో నిలబడి అడిగాడు. "అయ్యా, మా ఊళ్లో గడ్డుంది, ఏరుంది. నాకిచ్చేయండి, నేను సాక్కుంటాను."

"ఊరి పందేల్లో గెలిపించి నన్ను నవ్వులపాలు చేద్దామనా? పోరా! శనివారం లారీ వస్తుంది."

అంటే ఆయన గెలవగలరని మీకు తెలుసు!

ప్రిన్స్‌లూ గారూ, ఈ సంచిక మీ చేతికందే అభినందన విందులోనే, వడ్డన మొదలుకాకముందే, ఆయనను జోలిలేకు అప్పగించండి. ఎల్స్ గారు లేచి, కళ్లెం బిగబట్టమన్నది తానేనని అందరి ముందూ ఒప్పుకోవాలి. కాదంటే శనివారం గేటుకు అడ్డంగా మేమంతా ఉంటాం, లారీ మా మీదుగా పోవాలి. శ్రీ కాపర్ డ్రమ్ గారు పచ్చిక మీద, జీను బరువు లేని వీపుతో, ఆయురారోగ్యాలతో గుర్రానికి దక్కాల్సిన నిండు జీవితం జీవించాలి. ఆ ఆయుష్షు మీ చేతిలో ఉంది. అప్పగింత కాగితం మీద సంతకం పెట్టండి.