రోలర్ మీది డిష్

"అవ్వా, రోడ్డు పని చేసుకుంట తిరిగినన్ని దినాలు టీవీ ఎట్ల చూసిండ్రు మీరు?"

ఎట్ల చూస్తం బిడ్డా, కండ్లతోనే చూసినం. నవ్వకు, చెప్త. ఫోన్ల రికార్డు అయితుందా? కానియ్యి. మీ కాలేజోళ్ల పత్రికల ఏస్తవట గదా, మీ అమ్మ చెప్పింది.

మా ముసలాయన నర్సింలు రోడ్డు రోలర్ నడిపేటోడు. నేను కంకర పరిచేదాన్ని. రోడ్డు ఎంత ముందుకు పోతే మా రేకుల షెడ్డు అంత ముందుకు పోతది. పదిహేను దినాలు ఒకకాడ, నెల ఒకకాడ. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాంక నేను పండుకోని జాగ లేదనుకో. టీవీ సంగారెడ్డి అంగట్ల కొన్నం, ఎవరో వాడి అమ్మింది, పద్దెనిమిది నూర్లు. కాదు కాదు, రెండు వేలు. పద్దెనిమిది నూర్లది మా చెల్లె కుట్టుమిషన్. ఆమె ముచ్చట మళ్ల చెప్త.

టీవీ, డిష్ అయితే కొన్నం గని బిగించెటోడు రాడు. ఫోన్ చేస్తే ఎవరో ఆడిపిల్ల, "అడ్రస్ చెప్పండమ్మా" అన్నది. కంది ఊరు దాటినంక కిలోమీటరు రాయి ఉంటది, దాని పక్కకు అన్న. "ఇంటి నంబరు?" అన్నది. ఇంటికి లేదమ్మా, రాయికే ఉన్నది నంబరు, వచ్చే నెల ఇంకో రాయి అన్న. "పర్మనెంట్‌గా ఎక్కడుంటరు?" అన్నది. రోడ్డు మీదనే అన్న. ఫోన్ పెట్టేసింది. చూడు మరి. గా పిల్ల ఆఫీసుకు పోయే రోడ్డు దానంతట అదే మొలిచిందనుకున్నదా?

ఇగ మా తిప్పలు మేమే పడ్డం. ఊళ్లె డిష్‌లన్నీ ఎటు మొఖం పెడితే మాది గటు. కట్టె పాతి కడితే లారీ పోయినప్పుడల్లా గాలికి ఊగుతది, బొమ్మ ముక్కలు ముక్కలైతది. మా ముసలాయన ఆలోచన చేసిండు. ఎంత గాలికైనా కదలంది మా దగ్గర ఒక్కటే ఉన్నది, రోలర్. దాని టాపు కడ్డీకి డిష్ కట్టిండు. టీవీ నడిచేది గూడ దాని బ్యాటరీ మీదనే. పని ఆగినంక రోలర్‌ను షెడ్డు కాడికి తెచ్చి, పైకెక్కి డిష్ తిప్పేటోడు. నేను లోపట టీవీ ముంగట. "వచ్చిందా?" అంటడు. "రాలె." "ఇప్పుడు?" "జెర మీదికి." "ఇప్పుడు?" "వచ్చింది, ఇగ ముట్టకు." పెండ్లయిన కాన్నుంచి నన్ను అడిగి చేసిన పని గదొక్కటే ఆయన.

ఇగ అసలు ముచ్చట విను. రోడ్డు పూర్తయింది. మంత్రి వస్తుండన్నరు, రిబ్బన్ కొయ్యనీకి. మా షెడ్లకు నీళ్ల ట్యాంకర్ రాక ఐదు దినాలైంది. ఆడి బోరు నీళ్లు నీకెరికే గదా, మందుల కంపెనీల నీళ్లు ఇంకి పచ్చగ, మందుగోలీల వాసన. అన్నం వండితే అన్నం గూడ గదే వాసన. ఆ దినం పొద్దుగాల ట్యాంకర్ రానే వచ్చింది. ఆడోళ్లం బిందెలు పట్టుకొని ఉరికినం. ట్యాంకర్ ఆగలె. మంత్రి మీదికి దుమ్ము లేవొద్దని, రోడ్డు పక్కపొంటి మట్టికి నీళ్లు చల్లుకుంట పోయింది. మంచినీళ్లు బిడ్డా. నా బిందె మీద ఇంత తుంపర పడ్డది. గదే మా వాటా.

గప్పుడే టీవీ ఆయన ఒకడు మైకు పట్టుకొని వచ్చిండు. "రోడ్డు పూర్తయింది గదమ్మా, ఎట్ల అనిపిస్తుంది?" అన్నడు. చెప్పిన. ఖాళీ బిందె ఎత్తి చూపెట్టి మరీ చెప్పిన. "దుమ్ముకు నీళ్లున్నయి సార్, రోడ్డు ఏసినోళ్ల గొంతుకు లేవు. ఐదు దినాలైంది. మంత్రి సారును ఈ బోరు నీళ్లు ఒక్క గిలాస తాగి పొమ్మను" అన్న. పేరు గూడ చెప్పిన, బాలమణి అని. ఆరు గంటల వార్తలల్ల వస్తదన్నడు.

ఇగ షెడ్లల్ల ఒకటే సంబురం. పెద్ద ఆఫీసర్లు టీవీ చూస్తరు, రేపు మన ట్యాంకర్ వస్తది అని. ఐదున్నరకే రోలర్ తెచ్చి నిలవెట్టినం. అందరు టీవీ ముంగట. బొమ్మ వచ్చింది, అద్దం లెక్క.

అగో, గప్పుడు సూపర్‌వైజర్ బండేసుకొని వచ్చిండు. మంత్రి మళ్ల ఇదే తొవ్వల పోతడంట, మోరీ తూము కాడ రోడ్డు జెర ఎగుడుదిగుడు ఉన్నదంట. రోలర్ తియ్యి అన్నడు. రోలర్ కదిలితే డిష్ పాయె, కరెంటు పాయె. మా ముసలాయన ఎన్నడు ఎవరికి ఎదురు చెప్పినోడు కాదు. "పది నిమిషాలు సార్" అన్నడు.

"ఏం, సినిమా చూస్తున్నవా?"

"కాదు సార్. మా ఆమె వస్తది టీవీల."

"అయితే రేపటి నుంచి పనికి రాకు."

"రాను సార్" అన్నడు. రోలర్ చాబీ తీసి నా చేతుల పెట్టిండు. కొంగుకు ముడేసుకున్న. సూపర్‌వైజర్ తిట్టుకుంట బండెక్కి పోయిండు. ఆయన పైకెక్కి డిష్ పట్టుకొని నిలవడ్డడు, గాలికి గూడ కదలనియ్యొద్దని.

వార్తలు మొదలైనయి. మంత్రి, పూలదండలు, తళతళ మెరిసే రోడ్డు. ఇగ నేను. నా మొఖం, నా బిందె. నోరు కదులుతుంది గని మాట నాది కాదు. ఎవరో ఆమె, సన్నటి గొంతు. "రహదారి పూర్తి కావడంతో స్థానిక మహిళలు హర్షం వ్యక్తం చేస్తున్నారు" అంటుంది. హర్షం అంటే ఏంది అని నా పక్కనామె అడిగింది. సంతోషం అన్నరెవరో. నేను ఖాళీ బిందె ఎత్తింది సంతోషానికట. చూసినవా ఎంత అన్యాయమో.

పైన ముసలాయనకు బొమ్మ కానరాదు గదా. నా గొంతు ఇనరాలేదని సిగ్నల్ పోయిందనుకున్నడు. డిష్ తిప్పుడు షురూ చేసిండు.

"వచ్చిందా బాలమణీ?"

"రాలె."

"ఇప్పుడు?"

"రాలె."

"జెర మీదికి తిప్పాల్నా?"

ఏం చెప్పాలె బిడ్డా ఆయనకు? ఎటు తిప్పితే వస్తది నా మాట?

చాబీ తెల్లారి పొద్దుగాల ఇచ్చేసినం. పని పాయె, ఇగో ఈ ఇంద్రేశంల కిరాయి అర్ర. ఇంటికి నంబరు గూడ వచ్చింది. కేబులు వాళ్లే వచ్చి బిగించి పోయిండ్రు, తిప్పే పనే లేదు. గని ఇప్పటికి టీవీల ఎవరన్న గరీబు ఆడామె నోరు కదిలి, గొంతు ఇంకొకామెది వస్తే, నేను ఆ నోరు దిక్కే చూస్త. ఏమన్నదో పాపం అని.

నువ్వు గూడ రాసేటప్పుడు శ్రామిక మహిళ, ధిక్కారం అని పెడతవ్, నాకెరికే. నీ కోపం మంచిదే బిడ్డా, ఉండనియ్యి. గని ఆ మాటలు నావి కావు. నేనన్నది అన్నట్టు రాయి. నీళ్లు, బిందె, ఐదు దినాలు. గంతే.

ఏదీ, ఆ ఫోను జెర ఇటు వెట్టు. ముందుగాల నాకు వినిపియ్యి, నా గొంతే ఉన్నదా అండ్ల... ఆఁ, ఉన్నది. నాదే. సల్లగుండు బిడ్డా, నూరేండ్లు సల్లగుండు.