పద్దెనిమిది గీతలు

ఎమ్మిగనూరు, పొద్దున ఏడున్నర. వంటింట్లో చాప మీద మల్లమ్మ. ఎదురుగా ఆమె కూతురు సంతోషి, ఆదోనిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తొమ్మిదేళ్లుగా నర్సు. మధ్యలో ఒక బత్తాయి పండు, ఒక ఇన్సులిన్ సిరంజి. ఇద్దరిలో ఒక్కరికీ ఓపిక మిగల్లేదు.

“అట్ల కాదు! ఇట్లియ్యి, ఇట్లియ్యి!”

“మే, నేనింకా పొడవనే లేదు కదే!”

“పొడిస్తే వంకర పోతుందని ముందే తెలుస్తాంది. కొడవలి పట్టుకున్నట్ల పట్టుకుంటే ఎట్లమ్మా?”

“ముప్పై ఏండ్లు కొడవలి పట్టిన సెయ్యి. నీ మాదిరి పెన్ను పట్టినట్ల యాడ పడ్తాది? ఒగసారి పొడవనీ. పోతే ఒగ బత్తాయి పోతాది.”

“ఇప్పుడు బత్తాయి. ఈ రాత్రి నుంచి నీ పొట్ట. ఆటలు కాదు మా. సాయంత్రం ఐదులోపల కర్నూలు కాలేజీలో చేరకపోతే నా ఎమ్మెస్సీ సీటు వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. నీ సూది నువ్వు వేసుకుంటానంటే పోతా. లేకపోతే పోను. అంతే.”

“అంతేనా?”

“అంతే.”

“సదివేది నువ్వు, పరీచ్చ నాకు. బాగుంది.”

“ఎగతాళొద్దు. మొదట్నుంచి చెప్తా, విను. కాగితంలో అంతా రాసుకున్నా.”

“ఏం కాగితమే అది, పెండ్లి పత్రిక మాదిరి ఉంది?”

“లెసన్ ప్లాన్. పాఠం చెప్పేవాళ్లు ముందే రాసుకోవాల. ఒకటి, ఉద్దేశం. ‘ఈ పాఠం పూర్తయ్యేసరికి విద్యార్థి తనంతట తాను ఇన్సులిన్ తీసుకోగలుగుతుంది.’”

“విద్యార్థి ఎవురు?”

“నువ్వే.”

“యాభైరెండేండ్లకు బడిలో యేసినావు, సంతోషం. మద్యాన్నం అన్నం, గుడ్డు ఇస్తారా?”

“మా!”

“సరే సరే. సెప్పు టీచరమ్మా.”

“రెండు. విద్యార్థికి ముందే ఏం తెలుసో అడిగి తెలుసుకోవాల.”

“అడుగు మరి.”

“నిన్నేం అడిగేది? నీకేమీ తెలీదని నాకు తెలుసు కదా. మూడు. చేతులు కడుక్కోవాల.”

“ఇప్పుడే బోకులు తోమినా.”

“సబ్బుతో, మా.”

“బోకులు సబ్బుతో కాకపోతే సున్నంతో తోముతారా?”

“నాలుగు. సీసా మూతను స్పిరిటు దూదితో తుడవాల. ఐదు. సిరంజిలోకి పద్దెనిమిది గీతల దాకా గాలి లాగాల.”

“మందు లాగాల గానీ, గాలి యాలకు?”

“సీసాలోకి గాలి పోతేనే మందు బయటికి వస్తుంది.”

“ఆఫీసు గుమాస్తా మాదిరి అన్నమాట. ముందు మనం ఇస్తేనే అది ఇస్తాది.”

“నవ్వించొద్దు మా, మర్చిపోతా. లాగు. ఆఁ... ఆఁ... చాలు, చాలు, ఎక్కువ పోయింది, ఇట్లియ్యి!”

“మళ్లా పెరుక్కుంటివి!”

“ఇరవై దాకా లాగినావు.”

“ఎనక్కి నూకేకి ఈ పుల్ల ఉంది కదా? నూకుతాంటి. నువ్వు యాడ నూకనిస్తివి?”

“తప్పు చేస్తాంటే చూస్తా కూర్చోమంటావా?”

“కూసోమంటా. పత్తి ఇడిపించేకి కొత్త పిల్లోల్లు వస్తే నేనేం సేస్తా తెలుసునా? గోనెగండ్ల నుంచి ఈ పాలి ఆరుమంది వచ్చినారు. ఒగ సాలంతా పక్కన నడిసినా, నోరు మూసుకొని.”

“నువ్వు? నోరు మూసుకొని?”

“సాలు అయిపోయే దాకా. సాలు సివర తిట్టినా. ఆ తిట్లకు రెండో సాలు ఒక్కరూ తప్పు పోలేదు.”

“పత్తి, సూది ఒకటేనా? అది తప్పు పోతే ఒక కాయ పోతుంది. ఇది తప్పు పోతే...”

“నేను పోతా. పోతే పోనీలే, నీకు సీటన్నా దక్కుతాది.”

“అట్ల మాట్లాడితే నేను లేచిపోతా, చెప్తాండా!”

“లేచి యాడికి? కర్నూలుకా?”

“...సిరంజి పట్టు.”

“అక్కా! వాకిట్లో ఆటో పెట్టుకొని ఎంతసేపు? బస్సు తొమ్మిదికి. వస్తాండావా, నేను బాడిగకు పోయేదా?”

“ఉండప్పా ఉరుకుందూ, మీ అక్క పాఠం ఇంకా ఐదు కాడే ఉంది. లోపలికి రా, ఉగ్గాని తిను.”

“సూది లోపల ఉందా, మా?”

“ఉంది.”

“అయితే ప్లేటు బయటికే పంపించు.”

“సూడు సంతోషీ, నీ తమ్ముడు. ఆరడుగుల మనిషి. సూది సూస్తే కండ్లు తిరిగి పడతాడు.”

“అందుకే కదా మా నేను ఇరుక్కున్నేది! వాడు పనికి రాడు, నీకు చేతకాదు. పోయినేడు సీటు వస్తే ఎందుకు వదిలినా? ఆ ముందేడు వస్తే ఎందుకు వదిలినా?”

“ఎందుకు?”

“నీ సూది కోసం.”

“అట్లనా.”

“అట్లనా అంటావేంది? దినామూ సాయంత్రం ఆదోని నుంచి బస్సులో నిలబడి ఎవరి కోసం వస్తాండా? ఆ హొళగుంద బస్సు కండక్టరు కూడా అడుగుతాండాడు, ‘మీ అమ్మకు ఇంకా వాసి కాలేదా సిస్టరూ’ అని. నైట్ డ్యూటీ వద్దన్నందుకు ఎంతమందితో మాటలు పడినా?”

“పడమని నేనడిగినానా?”

“నువ్వు అడగవు. నాకు బాధ్యత ఉండదా? నాకు పోవాలనే ఉంది మా. నిజంగా ఉంది. ఆసుపత్రికి వచ్చే ట్రైనింగు పిల్లోల్లు నరం దొరక్క ఏడుస్తాంటారు. పెద్ద సిస్టర్లు కసురుతారు గానీ ఒక్కరూ చూపించరు. నేను పక్కన నిలబడి, వాళ్ల వేలు పట్టుకొని నరం మీద పెడితే దొరుకుతుంది. వాళ్ల మొగాలు చూడాల అప్పుడు. ఆ పని చెయ్యాలని ఉంది నాకు, రోజంతా.”

“మంచి పనే. ఎమ్మెస్సీ అయినాక అదే పనా?”

“అదే. నర్సింగు కాలేజీలో టీచరు. క్లాసులో పాఠం, వార్డులో పని, రెండూ నేర్పించాల.”

“క్లాసులో ఎంతమంది ఉంటారు?”

“అరవై.”

“అరవై మంది. అందరూ నీ మొగమే సూస్తాంటారు.”

“...నీళ్లు కావాల్నా మా?”

“నాకొద్దు. నువ్వు తాగు, నీ నోరు ఎండుతాంది. ఇంగ్లీషులో సెప్పాలనా?”

“సగం సగం. ఆ సంగతి ఇప్పుడెందుకు?”

“ఊరికే అడిగినా. పోయిన నెల మీ ఆసుపత్రిలో ఆ పిల్లోల్లకు క్లాసు సెప్పమన్నారంట కదా, నిన్ను?”

“ఎవరు చెప్పినారు?”

“పక్కింటి అంజినమ్మ మనవరాలు ఆ గుంపులోనే ఉండాది.”

“...ఏమనింది?”

“ఏం లే. సంతోషక్క బోర్డు తుడిసింది అనె.”

“ఊఁ.”

“అరగంట తుడిసింది అనె.”

“బోర్డు మాసిపోయింటే తుడవరా?”

“తుడుస్తారు, తుడుస్తారు. అద్దం మాదిరి అయ్యిందంట. పిల్లోల్లు జడలు సూసుకున్యారంట.”

“మా, ఎనిమిది అవుతాంది! ఇప్పుడు బోర్డు సంగతి కావాల్నా నీకు? ఆరు చెప్తా, విను. సీసాను తలకిందులు చేసి—”

“ఒగ పని సెయ్యి. నీ సేతులు రెండూ తొడల కింద పెట్టుకొని కూసో.”

“ఎందుకు?”

“పెట్టుకో, సెప్తా... ఆఁ, అట్ల. ఇంగ నోరు కూడా మూసుకో.”

“నోరు మూసుకుంటే పాఠం ఎట్ల చెప్పేది?”

“ఐదు నిమిసాలు సెప్పాకు. ఒగ సాలు నడువు నా పక్కన.”

“మా, పండు పక్కన పెడతాండావేంది?”

“షుగరు నాకా, బత్తాయికా?”

“మొదట పండు మీద పదిసార్లు చెయ్యాలని రాసుకున్నా... మా! పొట్ట మీదనా? ఇప్పుడే వద్దు!”

“సేతులు! తొడల కింద!”

“పెట్టుకున్నా. ఆ సీసాను ఎందుకు అరచేతుల్లో తిప్పుతాండావు?”

“మందు అడుక్కు దిగి ఉంటాది. కుదిపితే నురగొస్తాది. తిప్పితే తెల్లగా కలుస్తాది.”

“...అది నేను చెప్పలేదే.”

“సెప్పలేదు. కాగితంలో ఉందా సూడు.”

“...లేదు.”

“మర్సిపోయినావు. రాసుకో.”

“చేతులు తొడల కింద ఉండాయి.”

“తర్వాత రాసుకుందువు. ఇదిగో గాలి, పద్దెనిమిది. పోయ లోపలికి. ఇదిగో మందు.”

“బుడగ ఉంది, మా, బుడగ, ఇట్లియ్యి—”

“కండ్లుండాయి నాకు. గోటితో కొడ్తే పైకి పోతాది. పోయ. సూడు, సరింగా పద్దెనిమిది. నిన్న కుడిపక్క పొడిసినావు కదా, ఈ పొద్దు ఎడమపక్క. బొడ్డుకు రెండు వేళ్ల దూరం. అంతేనా?”

“...అంతే.”

“ఒగటి, రెండు, మూడు, నాలుగు...”

“మెల్లగా...”

“...తొమ్మిది, పది. అయిపోయ. రుద్దగూడదు. ఇంకేమన్నా ఉందా నీ పాఠంలో?”

“ఎవరు నేర్పించినారు నీకు?”

“నువ్వే.”

“నేనెప్పుడు నేర్పించినా?”

“మూడేండ్లుగా దినానికి రెండుమార్లు నా ముందరే కూసోని యేస్తాండావు. నేనేమన్నా గుడ్డిదాన్నా?”

“చూసేది వేరు, చేసేది వేరు. నీ చెయ్యి ఇంత కూడా వణకలేదు. ఇది మొదటిసారి కాదు. నిజం చెప్పు.”

“కాదు.”

“ఎప్పుడు వేసుకున్నావు?”

“నువ్వు బస్సు దొరక్క ఆదోనిలోనే నిలిసిపోయిన దినాలు.”

“ఆ దినాలు గోవిందన్న డాక్టరును పిలిపించుకోమని ఫోన్లో చెప్తాంటి కదా? నువ్వు ఊఁ అంటాంటివి కదా?”

“ఊఁ అంటాంటి. గోవిందన్న తన కొడుకు దగ్గరికి బెంగళూరు పోయి ఎన్నాళ్లాయనో తెలుసునా నీకు? రెండున్నరేండ్లు.”

“రెండున్నరేండ్లు! అంటే... రెండున్నరేండ్లుగా నీకు వస్తుంది.”

“వస్తాది. మే, ఏడుస్తాండావా, నగుతాండావా? ఒగటి తేల్సు. అరగంటలో నేను తినాల, సూది పడింది.”

“బాగుంది మా. బాగానే వేసుకుంటాండావు. సంతోషమే. కానీ... షుగరు పడిపోతే? చెమటలు పట్టి కండ్లు తిరిగితే?”

“బెల్లం డబ్బా ఉంది.”

“అది ఎక్కడుందో ఉరుకుందుకు తెలుసునా?”

“డబ్బా ఖాళీ సేసేదే వాడు.”

“వాడు బాడిగకు పోయినప్పుడు?”

“అంజినమ్మ ఉంది. గోడ మీద కొడ్తే పలుకుతాది.”

“కరెంటు పోయి ఫ్రిజ్జు ఆగిపోతే? మందు పాడవుతుంది.”

“కుండ ఉంది.”

“ఎండాకాలం—”

“కుండ ఎండాకాలమే సల్లగుంటాది.”

“అట్ల కాదు మా. ఒక్కసారి చూసి నమ్మేకి అవుతుందా? ఇంకో ఏడాది నా కండ్ల ముందర వేసుకో. వచ్చే ఏడు తప్పకుండా పోతా. సీటు యాడికి పోతుంది? మూడుసార్లు వచ్చింది, మళ్లీ వస్తుంది...”

“ఉరుకుందూ! మీ అక్క పెట్టె ఆటోలో పెట్టప్పా!”

“మా, నేనింకా పోతానని అనలేదు!”

“అవును, అనలేదు.”

“నన్నంటాండావా? తప్పంతా నీది! రెండు సీట్లు పోయినాయి నీ వల్ల. ‘నాకు వస్తుంది, నువ్వు పో’ అని ఒక్క మాట చెప్పింటే రెండేండ్ల కింద్నే పోయింటి కదా. ఎందుకు చెప్పలేదు? చెప్పు, ఎందుకు చెప్పలేదు?”

“నాకు రాదని నేను ఒగనాడన్నా సెప్పినానా? అమ్మకు రాదు, అమ్మకు రాదు అని ఆదోని దాకా సాటింపు యేసుకుంటా తిరిగింది నువ్వు. అరవై మంది ముందర నిలబడేకి నీకు భయం. భయమని సెప్పేకి సిగ్గు. కన్నబిడ్డ కదా, కొన్నాళ్లు నా ఎనకాల దాక్కోనీలే అనుకుంటి. మూడేండ్లుగా నువ్వు నాకు పొడిసింది మందు ఒగటే కాదు సంతోషీ, నీ భయం కూడా. ఇంగ నా పొట్టలో దానికి జాగా లేదు. లేసి బస్సెక్కు.”