పల్లకి చోట మ్యాచ్

కాసాబ్లాంకా. గురువారం సాయంత్రం. నాలుగో అంతస్తు బాల్కనీలో జవాద్ బట్టలు ఆరేస్తుంటే, అతని భార్య గిజ్లాన్ ఫోన్ పట్టుకుని వచ్చింది.

"జవాద్, వచ్చేసిందట. డిస్కులు బాగుచేసే సిహామ్ ఇందాకే ఫోన్ చేసింది. మన పెళ్లి వచ్చేసిందట."

"ఏంటీ?"

"పెళ్లి వీడియో. డిస్కులోది. పోయింది పోయిందే, వదిలెయ్ అన్నావు కదా, వదిలేస్తే వచ్చేదా? గోరింటాకు రాత్రి మొత్తం ఉందట. అమ్మా పిన్నులూ జుట్టు విరబోసుకుని ఆడారే, అదంతా. దుకాణంలో మగాళ్ల కంట పడకుండా పరదా లాగేసి తనొక్కతే చూసిందట. మా చిన్న పిన్ని నడుము తిప్పడం చూసి నవ్వాపుకోలేకపోయానంది."

"నిజంగానా? అంతా వచ్చిందా?"

"నేను ఒకదాని తర్వాత ఒకటి వేసుకున్న ఏడు పెళ్లి కఫ్తాన్లూ వచ్చాయి. పాలూ ఖర్జూరాలూ వచ్చాయి. నువ్వు కంగారులో ఖర్జూరం గింజతో సహా నా నోట్లో కుక్కావు చూడు, అది కూడా. నాకిక్కడే గెంతాలనుంది."

"గెంతకు. కింద మూడో అంతస్తువాళ్లు గొడవకొస్తారు."

"రానీ, వాళ్లకీ చూపిస్తాను. నీకు సంతోషంగా లేదా?"

"ఉంది. ఎందుకుండదు? క్లిప్పులందివ్వు."

"మొహం అలా పెట్టావేం?"

"ఎలా పెట్టాను? ఎండ కొడుతోంది."

"ఈ వేళప్పుడు ఎండా?"

"క్లిప్పులు, గిజ్లాన్."

"ఇదిగో. ఒక్కటే రాలేదట. పల్లకి."

"పల్లకి రాలేదా?"

"నన్ను కూర్చోబెట్టి భుజాల మీదికి ఎత్తారు కదా, అక్కణ్నుంచి నా చెప్పు జారి మీ మామయ్య టోపీ మీద పడేదాకా. ఆ ముక్క పోయింది. ఆ చోట ఇంకేదో ఉందట."

"ఇంకేదో అంటే?"

"అది నువ్వే చెబుతావేమో అనుకున్నాను."

"నాకేం తెలుసు? కింద పడిన డిస్కు. లోపల ఏదో అటూ ఇటూ అయ్యుంటుంది."

"సిహామ్ కూడా ఆ సంగతే అడిగింది. కింద పడిందని ఎవరు చెప్పారక్కా అంది. దీని ఒంటి మీద చిన్న గీత కూడా లేదు, ఎవరో శుభ్రంగా ఫార్మాట్ చేశారు అంది."

"ఆవిడకేం తెలుసు?"

"మన పెళ్లిని వెనక్కి తెచ్చిన మనిషి, జవాద్. పల్లకి చోట ఫుట్‌బాల్ ఉందట. డెర్బీ మ్యాచ్, మన ఊరి రెండు జట్లదీ. కింద పడిన డిస్కు లేచి బంతాట నేర్చుకుందన్నమాట."

"ఈ చొక్కా ఇంకా కారుతోంది. సరిగ్గా పిండలేదు."

"ఇప్పటికి మూడుసార్లు దులిపావు దాన్ని."

"మీ అమ్మ భోజనానికి పిలిచిన రోజే డెర్బీ వచ్చింది."

"ఊఁ."

"కొత్త అల్లుణ్ని, రానని ఎలా అంటాను? రికార్డు చేసుకుని పొద్దున చూద్దామనుకున్నాను. టీవీ బాక్సుకి డిస్కు తగిలించాను. ఖాళీ ఉన్న చోట పడుతుందిలే అనుకున్నాను. అదేదో అడిగింది, ఈ డిస్కుని రికార్డింగుకి సిద్ధం చెయ్యమంటారా అని. కిందనుంచి నువ్వేమో కారు హారన్ మోగించేస్తున్నావు. సరే అని నొక్కాను."

"చదవకుండా?"

"చదివాను. సిద్ధం చెయ్యడమంటే మంచి మాటే కదా అనుకున్నాను. నవ్వకు."

"నవ్వట్లేదు. కొంచెమే. ఎవరు గెలిచారు?"

"మనవాళ్లు ఓడిపోయారు."

"మన పెళ్లి తుడిచేసి మరీ ఓడిపోయారా?"

"నవ్వకన్నాను కదా."

"నాతో చెబితే ఏమయ్యేది? కొడతానా?"

"మర్నాడు పొద్దున చూస్తే డిస్కులో పెళ్లి లేదు. ఆ రోజంతా నువ్వు గాల్లో తేలుతున్నావు. సాయంత్రం బాదం పాలు చేస్తాను, పెళ్లి చూసుకుందాం అన్నావు. తీరా డిస్కు ఏదీ అని అడిగేసరికి నోటికేదొస్తే అదన్నాను. షెల్ఫు మీంచి పడిందన్నాను. రేపు నిజం చెబుదాంలే అనుకున్నాను. ఆ రేపు మీ అమ్మావాళ్లు టీకి వచ్చారు."

"వచ్చారు. తర్వాత?"

"నువ్వూ అక్కడే ఉన్నావు కదా."

"నీ నోటితో విందామని."

"మీ అమ్మ మా అమ్మ వైపు చూస్తూ అందరి ముందూ అంది, కొందరు దులిపితే దుమ్ముతో పాటు పెళ్లిళ్లు కూడా పోతాయని. మా అమ్మ లేచి వెళ్లి, తప్పు నాదే, క్షమించు అని మీ అమ్మ భుజం మీద ముద్దు పెట్టుకుంది. మీ అమ్మకన్నా పెద్దది. అయినా వంగింది. అప్పుడు నా నోట్లో బాదం కజ్జికాయ ఉంది. మింగేసి ఇంకొకటి తీసుకున్నాను."

"చూశాను."

"మీ అమ్మ నింద వేసింది, మా అమ్మ మర్యాద కోసం పడింది, అంతేలే అని సర్దిచెప్పుకున్నాను."

"మా అమ్మ నింద వెయ్యలేదు, జవాద్."

"నా చెవులతో విన్నాను."

"నువ్వు విన్నది తర్వాతది. డిస్కు పడిందని నేను చెప్పగానే, ముందురోజు రాత్రే అత్తయ్య మా అమ్మకి ఫోన్ చేసి చెప్పింది. దులుపుతుంటే నా చెయ్యి తగిలి పడింది, పిల్లల్ని ఏమీ అనకండి అంది."

"తనే చెప్పిందా? ఎందుకు? ఆ వారం అమ్మ మనింట్లో చీపురే ముట్టలేదు. మోకాలి నొప్పి. ఒకే ఒక్కసారి ఊరబెట్టిన నిమ్మకాయలు ఇద్దామని పొద్దున్నే పైకొచ్చింది. నేనప్పుడు..."

"నువ్వప్పుడు?"

"మ్యాచ్ చూస్తున్నాను."

"డిస్కు?"

"టీవీకి వేలాడుతోంది. దాని లైటు కూడా వెలుగుతోంది. గిజ్లాన్, అమ్మకి తెలుసా?"

"ఇందాక కొత్తిమీరకని రెండో అంతస్తులో అత్తయ్య దగ్గరికి వెళ్లానా, సిహామ్ ఫోన్ అక్కడున్నప్పుడే వచ్చింది. మ్యాచ్ మాట విని నేను నోరు తెరిచాను. అత్తయ్య మాత్రం శనగలు ఏరుతూనే ఉంది."

"ఏమంది?"

"కొత్త అల్లుడు అత్తారింటి వాళ్ల ముందు తల దించుకోకూడదు, నాదేముంది, ముసలిదాని చెయ్యి తగిలిందంటే ఎవరైనా నమ్ముతారు అంది."

"అమ్మ అలా అందా?"

"ఇంకోటి కూడా అంది. నాకు తెలుసని వాడితో అనకు, సిగ్గుపడతాడు అంది. సరేనని మాటిచ్చాను. రెండంతస్తులు ఎక్కేదాకా నిలబెట్టుకున్నాను."

"నేను కిందికి వెళ్తాను."

"ఈ మొహంతో వద్దు. ఆ చొక్కా ఇటిచ్చి కూర్చో. రేపు శుక్రవారం, కుస్కుస్ భోజనానికి మావాళ్లందరూ అత్తయ్య దగ్గరికే వస్తున్నారు. డిస్కు పొద్దున్నే నేను తెస్తాను. వాళ్లు రాకముందు నువ్వొక్కడివే వెళ్లి అత్తయ్యకి చెప్పు. తర్వాత అందరి ముందూ మా అమ్మకి చెప్పు."

"మీ అమ్మకి చెబుతాను, ఏమన్నా పడతాను. మా అమ్మకి ఏం చెప్పను? తనకి అంతా తెలిసిందే కదా."

"అంతా చెప్పు, నా హారన్‌తో సహా. ఆవిడ మొదటిసారి వింటున్నట్టు నోటి మీద చెయ్యి వేసుకుంటుంది. నువ్వు నమ్మినట్టు ఉండు."